గీత దాటితేనే డాక్టరమ్మ

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళు ఆకాశహర్మ్యాల గురించీ జలపాతాల గురించీ చెబుతారు. నేను వెళ్ళింది పది రోజులకి. చెప్పుకోదగ్గ చోటు ఏదైనా చూశావా అని ఎవరైనా అడిగితే, మేరీల్యాండ్‌లో ఒక పండ్ల కొట్టు చూశానని చెబుతాను. అడిగినవాళ్ళు నా మొహంలోకి ఒకసారి చూసి మాట మారుస్తారు. అందుకే రాస్తున్నాను.

నేను నర్సింగ్ చదివింది కాకినాడలో. ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నది జర్మనీ పడమటి కొసన ఉన్న ఆఖెన్ ఊళ్ళో. మా వీధి మొదట్లో బస్సెక్కితే కాసేపట్లో నెదర్లాండ్స్, ఇంకోవైపు ఎక్కితే బెల్జియం. మధ్యలో ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు. ఊరి బయట కొండ మీద మూడు దేశాలూ కలిసే చోట ఒక రాయి పాతారు. ఎవరు వచ్చినా దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, మూడు దేశాలు తిరిగొచ్చామని ఫోటో దిగుతారు. నేనూ దిగాను.

మా ఆసుపత్రిలో పొరుగు దేశాల రోగుల కోసం ఒక బల్ల ఉంది. ఆ బల్ల నాది. ఐరోపా కూటమి అంటే అందరికీ ఒకే ఆసుపత్రి, ఒకే బీమా అనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. ఎవరి వంట వారిదే. మా జర్మనీలో జీతంలోంచి బీమా నిధికి కోత పడుతుంది, కొన్ని దేశాల్లో పన్నుల్లోంచే నడుపుతారు. కూటమి చేసిందల్లా ఒకరింటి చుట్టం వస్తే ఇంకొకరు కూడా విస్తరి వెయ్యాలని కట్టుబాటు పెట్టడం. ప్రాణం మీదికొస్తే జేబులో కూటమి అంతటా చెల్లే నీలం బీమా కార్డు చాలు. ముందే అనుకున్న ఆపరేషన్ అయితే సొంత దేశపు బీమావాళ్ళ అనుమతి పత్రం తేవాలి. ఆ పత్రాలు చూసేదీ, లేనివాళ్ళకి తెప్పించేదీ నేనే. బెల్జియం నుంచి వచ్చే ముసలమ్మలు నన్ను పేరు పెట్టి పిలుస్తారు. గర్వంగా ఉంటుందా అంటే, ఉంటుంది. ఎందుకు దాచుకోవాలి?

హెర్న్‌డన్: నీలం కార్డు మర్యాద

మా పెద్దమ్మ కూతురు వసుంధరక్క వర్జీనియాలో హెర్న్‌డన్‌లో ఉంటుంది. అక్కడి మిడిల్ స్కూల్లో లెక్కలు చెబుతుంది. నా ప్రయాణం ఆమెని చూడడానికే. ఏడాదిన్నర కిందట స్కూల్ పార్కింగ్‌లో ఆమెకి ఫిట్స్ వచ్చాయి. అప్పటికి కారు ఆపి ఉంది కాబట్టి సరిపోయింది. ఆ రోజు తాళాలు తీసి మా బావ చేతిలో పెట్టింది, నేను వెళ్ళేవరకూ మళ్ళీ ముట్టుకోలేదు.

అది ఎంత కష్టమో ఆఖెన్‌లో కూర్చుంటే నాకు తెలియలేదు. మా ఊళ్ళో కొత్తిమీర అయిపోతే చెప్పులేసుకుని వెళతాం. హెర్న్‌డన్‌లో కొత్తిమీర కావాలన్నా కారే. ముప్పై మంది పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే మనిషి, కొట్టుకి వెళ్ళాలంటే మొగుడి మీటింగ్ ఎప్పుడవుతుందా అని మెట్ల మీద కూర్చునేది.

"అడిగితే ఎవరైనా దింపుతారే. అడగడమే నాకు చేతకాదు," అంది మొదటి రోజు, పెసరట్టు తిరగేస్తూ.

రెండో రోజు ఆమె చేసిన జంతికలు కొరికి పంట్లో సిమెంటు ఊడగొట్టుకున్నాను. జంతికలది తప్పు లేదు, పన్నే పాతది. దగ్గర్లో ఉన్న పళ్ళ డాక్టరు ఆఫీసుకి వెళితే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఇన్సూరెన్స్ కార్డు అడిగింది. చెయ్యి అలవాటు కొద్దీ నీలం కార్డు తీసి ఇచ్చేసింది. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి, గుండ్రంగా ఉన్న నక్షత్రాలు చూసి, చాలా మర్యాదగా అడిగింది.

"ఇది ఏ స్టేట్ ప్లాన్ అండీ?"

"ఒక స్టేట్‌ది కాదు. దాదాపు ముప్పై దేశాల్లో చెల్లుతుంది," అన్నాను ఇంగ్లీషులో, కాస్త గట్టిగానే.

"ఎంత బాగుందో," అని నవ్వి కార్డు వెనక్కిచ్చేసింది. పన్ను చూడడానికే నూట ఎనభై డాలర్లు అంది. నేను లవంగం పెట్టుకుని వచ్చేశాను. ఆ సాయంత్రమంతా బావ నన్ను ముప్పై దేశాల మహారాణీ అనే పిలిచాడు.

పోటోమాక్ మీద వంతెన

అసలు ప్రయాణం నాలుగో రోజు, గురువారం.

అక్కకి వైద్యం చేసేది కామేశ్వరి గారని ఒక డాక్టరమ్మ. పెళ్ళయిన కొత్తలో అక్క కుటుంబం పెన్సిల్వేనియా రాష్ట్రపు పిట్స్‌బర్గ్‌లో ఉండేది. చిన్నప్పటి ఫిట్స్ అక్కడ తిరగబెట్టినప్పటి నుంచీ ఆవిడే చూస్తున్నారు. వాళ్ళు వర్జీనియా వచ్చేశాక వీడియోలో చూడసాగారు. ఇక్కడే ఉంది చిక్కు. ఆవిడ లైసెన్స్ పెన్సిల్వేనియాకే. వీడియోలో చూసినా సరే, రోగి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే వైద్యం ఆ రాష్ట్రంలో జరిగినట్టు లెక్క. కోవిడ్ కాలంలో కొంత చూసీ చూడనట్టు వదిలారట. ఇప్పుడు మళ్ళీ బిగించారు. అందుకని మూడు నెలలకోసారి అక్కా బావా వర్జీనియాలో బయల్దేరి, మేరీల్యాండ్ అడ్డంగా దాటి, పెన్సిల్వేనియా గీత దాటగానే ఒక చర్చి పార్కింగ్‌లో కారు ఆపి, అక్కడి నుంచి వీడియో కాల్ చేస్తారు. డాక్టరమ్మ పిట్స్‌బర్గ్‌లో తన గదిలోనే ఉంటారు. పావుగంట మాట్లాడి, మళ్ళీ కారు తిప్పుకుని ఇంటికి.

మొదట విన్నప్పుడు నాకు నవ్వాగలేదు. ఈసారి నవ్వడానికి లేదు. కామేశ్వరి గారు ఆ శుక్రవారమే రిటైరవుతున్నారు, రోగుల్ని చూసే చివరి రోజు గురువారం. అక్క మళ్ళీ కారు నడపవచ్చని కాగితం మీద సంతకం పెట్టాలంటే ఈ గురువారమే. తప్పితే కొత్త డాక్టరు, కొత్త పరీక్షలు, ఇంకెన్ని నెలలో. స్కూళ్ళు రెండు వారాల్లో తెరుస్తారు. బావకి ఆఫీసులో తప్పించుకోలేని పని పడింది. నేను డ్రైవ్ చేస్తానన్నాను.

"నీకు రైట్ సైడ్ అలవాటే కదా, భయం లేదు," అంది అక్క.

"సరిహద్దులు దాటించడమే నా ఉద్యోగం అక్కా. నువ్వు నిద్రపో," అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

లీస్‌బర్గ్ దాటాక పాయింట్ ఆఫ్ రాక్స్ దగ్గర పోటోమాక్ నది మీద పాత ఇనుప వంతెన వచ్చింది. ఇవతల వర్జీనియా, అవతల మేరీల్యాండ్. నీళ్ళలో ఇద్దరు మోకాళ్ళ లోతున నిలబడి గాలాలు వేస్తున్నారు. వాళ్ళే రాష్ట్రంలో ఉన్నారో వాళ్ళని ఎవరూ అడగడం లేదు.

"మా దగ్గరైతే ఈ గొడవే లేదు. వీడియోలో చూస్తే, డాక్టరు ఏ దేశంలో ఉంటే వైద్యం ఆ దేశంలో జరిగినట్టు. రోగి ఇంట్లో మంచం మీద పడుకోవచ్చు," అన్నాను.

"ఇక్కడ రోగి ఎక్కడుంటే అక్కడ. మంచిదేగా, రోగికి విలువిచ్చారు," అంది అక్క.

"విలువిచ్చి రోడ్డు మీద తిప్పుతున్నారు."

"సర్లే. నీ నర్సింగ్ సర్టిఫికెట్‌ని మీవాళ్ళు ఒప్పుకోవడానికి ఎన్నాళ్ళు పట్టిందే?"

రెండున్నరేళ్ళు పట్టింది. నాతోపాటే చేరిన పోర్చుగల్ అమ్మాయికి కూటమి దేశాల్లో చదివింది కాబట్టి వెంటనే ఒప్పుకున్నారు. నేను కాకినాడలో ఎన్ని గంటలు ఏ వార్డులో చేశానో కాగితాలు తెప్పించి, అనువాదం చేయించి, మళ్ళీ పరీక్ష రాసి, అంతవరకూ రోగుల పక్కలు సర్దాను. విస్తరి చుట్టాలకే. నేనప్పటికి చుట్టాన్ని కాను. ఆ సంగతి ఇంత తేలిగ్గా మర్చిపోయి గొప్పలు చెబుతున్నందుకు కాస్త సిగ్గేసింది.

ఫ్రెడరిక్: పులిహోర

ఫ్రెడరిక్ దగ్గర ఒక చెట్టు నీడన ఆపి, డబ్బాలో తెచ్చుకున్న పులిహోర తిన్నాం. అక్క మధ్యాహ్నం బిళ్ళ వేసుకుంది. ఆ బిళ్ళ వేసుకున్నాక ఆమెకి ఓ అరగంట కళ్ళు మూతలు పడతాయి.

నిద్రపోయే ముందు చేతి సంచీలోంచి రూళ్ళ నోట్‌బుక్ తీసి నాకు చూపించింది. ఏడాదిన్నరగా రోజుకొక గీత. ఫిట్స్ రాని రోజు నిలువు గీత, ఏ చిన్న తేడా అనిపించినా అడ్డగీత. అడ్డగీతలు మొదటి పేజీల్లోనే మూడు. ఆ తర్వాత అన్నీ నిలువు గీతలే, బడిపిల్లల వరసలా.

"ఆవిడ చూసి సరే అంటే చాలు. వద్దంటే కూడా సరే. కానీ చూడకుండానే రిటైర్ అయిపోతే మాత్రం ఏడుస్తానే," అంది. అక్క ఏడుస్తాననడం నేను వినడం అదే మొదటిసారి.

పీచ్ పళ్ళ బోర్డు

కొండల మధ్య రోడ్డు అందంగా ఉంది. ఫోన్‌లో దారి చెప్పే గొంతు అక్క నిద్ర చెడగొడుతోందని దాని నోరు నొక్కేశాను. ఎమిట్స్‌బర్గ్ సమీపిస్తుండగా రోడ్డు పక్కన పండ్ల కొట్టు కనబడింది. ముందు పెద్ద చెక్క బోర్డు, చేత్తో రాసిన అక్షరాలు: పెన్సిల్వేనియా పీచ్ పళ్ళు. నీడ ఉంది, సిగ్నల్ ఉంది, టైము రెండుంపావు. అపాయింట్‌మెంట్ రెండూ ఇరవైకి. ఆపాను.

అక్క కళ్ళు నులుముకుంది. "మేమెప్పుడూ ఆగేది ఇక్కడ కాదే."

"పెన్సిల్వేనియాలో ఎక్కడైతేనేం?" అన్నాను ధీమాగా.

మా ఊరి దగ్గర నెదర్లాండ్స్‌లోకి అడుగుపెట్టామని మేం తెలుసుకునేది కొట్ల మీది బోర్డులు చూసే. భాష మారితే దేశం మారినట్టు. ఆ అలవాటు కొద్దీ పళ్ళ బోర్డు చూసి రాష్ట్రం తేల్చేశాను.

సరిగ్గా సమయానికి కామేశ్వరి గారు తెర మీదికి వచ్చారు. డెబ్భై దాటిన మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, నుదుట చిన్న బొట్టు. మొదటి ప్రశ్న అదే.

"వసుంధరా, రైట్ నౌ ఏ స్టేట్‌లో ఉన్నావమ్మా?"

అక్క చుట్టూ చూసింది. "ఒక్క నిమిషం మేడమ్," అని కిటికీ దించి, బుట్టలు సర్దుతున్న ముసలాయన్ని ఇది పెన్సిల్వేనియాయేనా అని అడిగింది.

"మేరీల్యాండ్ అమ్మా. పళ్ళు అక్కడివి, నేను ఇక్కడివాణ్ణి. ఇంకో రెండు మైళ్ళు పోవాలి," అన్నాడాయన.

ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందంటారు. ఆ బల్లిని నేనే. సరిహద్దు బల్ల దగ్గర కూర్చుని ఎందరి కాగితాలకో వంకలు పెట్టినదాన్ని, ఆ క్షణంలో ఏం చేశానో కూడా రాయాలి. అక్క మోచెయ్యి పట్టుకుని, "పెన్సిల్వేనియా అని చెప్పెయ్, ఆవిడకెలా తెలుస్తుంది?" అని గొణిగాను.

అక్క నా వైపు చూడనైనా లేదు.

"మేరీల్యాండ్‌లో ఉన్నామండీ. పొరపాటైంది."

"అయితే నేను నీతో మాట్లాడకూడదు." కామేశ్వరి గారు గడియారం చూసుకున్నారు. "నా లాస్ట్ పేషెంట్ మూడింటికి. రెండూ నలభైకి మళ్ళీ చేస్తాను. అప్పటికి దాటకపోతే నేనేం చెయ్యలేనమ్మా."

తెర నల్లబడింది.

రెండు మైళ్ళు

రెండు మైళ్ళంటే ఎంత, నాలుగు నిమిషాలు. కానీ మలుపు తిరగగానే మా ముందు గడ్డిమోపులు వేసుకున్న ట్రాక్టరు. ఎడ్లబండి కూడా అంతకంటే చురుగ్గా పోతుంది. ఎదురుగా వరసగా లారీలు, దాటడానికి సందు లేదు. అక్క నోట్‌బుక్ రెండు చేతులతో ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

"సారీ అక్కా. అబద్ధం చెప్పమన్నందుకు కూడా."

"పిల్లలు కాపీ కొడితే సున్నా వేసేదాన్నే నేను. రోడ్డు చూడు," అంది.

ట్రాక్టరు ఒక పొలం దారిలోకి తిరిగింది. ఇంకొంచెం దూరంలో నీలం బోర్డు, పెన్సిల్వేనియాకి స్వాగతమని. అక్క దాన్ని పైకి చదివింది. చర్చి పార్కింగ్‌లో కారు ఆపేసరికి రెండూ ముప్పై ఎనిమిది.

ఫోన్ మోగింది. "ఇప్పుడెక్కడ?"

"పెన్సిల్వేనియా. బోర్డు చదివే వచ్చాను మేడమ్."

కామేశ్వరి గారు మొదటిసారి నవ్వారు. కళ్ళు అటూ ఇటూ తిప్పించారు, వేలితో ముక్కు తాకించారు. తరవాత కారు దిగి గీత మీద నడవమన్నారు. పార్కింగ్‌లో కార్లకి వేసిన పసుపు గీత ఉంది కదా, దాని మీద మడమకి వేళ్ళు ఆనించి అడుగులో అడుగు వేస్తూ అక్క నడిచింది. నేను ఫోన్ పట్టుకుని పక్కన నడిచాను. అక్క అడుగు ఒక్కటీ గీత తప్పలేదు.

తిరిగొచ్చి అక్క నోట్‌బుక్ తెరవబోయింది.

"అది చూపించక్కర్లేదమ్మా. ఫిట్స్ వచ్చాయా లేదా అని పేషెంట్ చెప్పిందే నాకు ఆధారం. నాకు తెలియకుండా ఎందరు దాస్తారో. నువ్వు మేరీల్యాండ్‌లో ఉన్నానని చెప్పావు చూడు, ఇంక నీ నోట్‌బుక్ నాకెందుకు?" అన్నారావిడ. తల వంచి రాస్తూనే, "ఫామ్ సైన్ చేస్తున్నాను. ఆ పక్కనున్నదెవరు?" అని అడిగారు.

అక్క నన్ను చూపించి, నా ఊరూ ఉద్యోగం చెప్పింది. కాకినాడ పేరు వినగానే ఆవిడ కుర్చీ దగ్గరకి లాక్కున్నారు. తనూ అక్కడే వైద్యం చదివారట. ఆ తరవాత, వీడియో వైద్యానికి మీ దేశాల్లో ఏం రూల్ అని అడిగారు. చెప్పాను, ఈసారి గొప్పగా కాదు.

"డాక్టరు దేశపు రూలా? మరి ఏదైనా తేడా జరిగితే పేషెంట్ ఎక్కడ కంప్లయింట్ చెయ్యాలి?"

"డాక్టరు దేశంలోనేనండీ."

"ఆ భాష రాకపోతే?"

"నాలాంటివాళ్ళు రాసిపెడతారు."

"అయితే నువ్వు జాగ్రత్తగా రాయాలి," అన్నారు కామేశ్వరి గారు. "ఇంకో రెండు స్టేట్స్‌కి లైసెన్స్ తీసుకోమని అందరూ అన్నారు. ఈ వయసులో ఎందుకులే అని నేనే బద్ధకించాను. నా బద్ధకానికి వీళ్ళు రోడ్డెక్కారు." అక్క ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. "వెళ్ళి రా వసుంధరా. స్లోగా నడుపు."

అక్క ఏడవలేదు. సంచీలోంచి పెన్ను తీసి, నోట్‌బుక్‌లో ఆ రోజు గీత గీసింది. నేనే ఏడ్చాను.

తిరుగుదారి

మళ్ళీ అదే కొట్టు దగ్గర ఆగి ఒక బుట్టెడు పీచ్ పళ్ళు కొన్నాం. పన్నెండు డాలర్లు. ముసలాయన రెండు పళ్ళు ఎక్కువే వేశాడు, ఆ బోర్డు చూసి పొరబడినవాళ్ళు ఇంతకుముందెవరూ లేరని చెప్పి మరీ. మా ఆఖెన్ బజారులో ఇంత తియ్యటి పండు నేను తినలేదు. ఒప్పుకోక తప్పదు. లవంగం పెట్టిన పన్ను వైపు నమలకుండా తిన్నాను.

ఆఖెన్ తిరిగొచ్చి వారం తిరగకముందే నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ వారంలోనే, బెల్జియం నుంచి వచ్చిన ఒకాయన కాగితాల్లో తేదీ తప్పుంది, సరిచేసి పంపితే ఎవరికీ తెలియదు. ఫోన్ చేసి వాళ్ళ బీమావాళ్ళకి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కొత్త పత్రం రావడానికి రెండు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆయన విసుక్కున్నాడు, విసుక్కోనిచ్చాను.

అక్టోబరులో ఒక సాయంత్రం, బల్ల సర్దుకుంటుంటే అక్క వీడియో కాల్ చేసింది. కారులో కూర్చుని ఉంది. ఉద్యోగం అలవాటో ఏమో, బాగున్నావా అనకుండానే నోట్లోంచి ఆ ప్రశ్నే వచ్చింది.

"ఏ స్టేట్‌లో ఉన్నావు?"

అక్క ఫోన్ తిప్పి చూపించింది. చెక్క బోర్డు మీద ఇప్పుడు పీచ్ పళ్ళ బదులు యాపిల్ పళ్ళని రాసి ఉంది. ముసలాయన బుట్ట కింద పెట్టి చెయ్యి ఊపాడు. పక్క సీటు ఖాళీగా ఉంది. స్టీరింగ్ మీద అక్క చెయ్యి ఉంది.

"మేరీల్యాండ్‌లోనే. స్కూలుకి సెలవు, పళ్ళు కొనుక్కుందామని వచ్చాను. ఎవర్నీ అడగలేదు," అంది.

నా పక్క బల్ల ఆవిడ, నా కళ్ళు చూసి కంగారుపడి ఏమైందని అడిగింది. "మా అక్క మేరీల్యాండ్‌లో ఉంది," అన్నాను జర్మన్‌లో, తలెత్తి. అందులో అంత గర్వపడాల్సిందేముందో పాపం ఆవిడకి అర్థం కాలేదు.